రిబ్బు విరిగిన పడవకి ఇనప పట్టీ వెయ్యకండి

చెక్క పడవలో రిబ్బు, అంటే లోపల పక్కటెముకలా వంగి ఉండే అడ్డ బద్ద, విరిగిందని చెప్తే మా విజయవాడ ఆటోనగర్‌లో ఎవరైనా మొదట అనే మాట ఒకటే: "ఫ్లాటు వేసి బోల్టులు బిగించెయ్." లారీ బాడీకి అది సరైన పనే. మాది మా నాన్న కాలం నుంచీ బాడీ బిల్డింగ్ షెడ్డు, చీలిన చెక్కకి ఇనప ఫ్లాటు వేసి బిగించడం మాకు రోజూ ఉండే పని, అలా బిగించిన బాడీలు ఏళ్ళ తరబడి తిరుగుతాయి కూడా. కానీ పల్చటి చెక్కని వంచి కట్టిన కనూకి, అంటే తెడ్డుతో నడిపే సన్నటి తేలిక పడవకి, అదే పని చేస్తే, విరిగిన రిబ్బు సంగతేమోగానీ దానికి అటూ ఇటూ ఉన్న మంచి రిబ్బులు విరుగుతాయి. ఎందుకు విరుగుతాయో, ఇనుము లేకుండా ఎలా బాగుచెయ్యొచ్చో నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను. చెక్క పని చేసే వాళ్ళకి పనికొస్తుంది, పాత పడవ ఇంట్లో పెట్టుకుని ఏం చెయ్యాలో తోచని వాళ్ళకి ఇంకా పనికొస్తుంది.

పడవ మా నాన్న స్నేహితుడిది, నేను బాబాయి గారంటాను. ఉద్యోగం మీద చాలా ఏళ్ళు కెనడాలో ఉన్నారు, రిటైరై వచ్చేటప్పుడు ఇంటి సామానుతోపాటు కంటైనర్లో దీన్నీ తెచ్చుకున్నారు. పదహారు అడుగుల కనూ. సింగ్‌నగర్‌లో వాళ్ళింటి వెనక రేకుల షెడ్డులో రెండు స్టాండ్ల మీద బోర్లించి ఉండేది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు మీద పడ్డప్పుడు ఆ వీధంతా మునిగింది, బాబాయి గారు, పిన్ని గారు పైఅంతస్తులో చిక్కుకుపోయి రబ్బరు బోట్లలో బయటికొచ్చారు. షెడ్డులో ఉన్న కనూ లోపల గాలితో సహా నీటితోపాటు పైకి లేచింది, లేచి రేకుల కింది ఇనప దూలానికి అడుగుభాగం ఆనుకుని అక్కడే ఇరుక్కుంది. కింద నుంచి నీరు తోస్తోంది, పైన దూలం కదలదు. ఆ మధ్యలో ఐదు రిబ్బులు పగిలాయి. నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి కాబట్టి పైన గుడ్డ కుళ్ళింది, అంచుల దగ్గర రిబ్బుల కొనలు మెత్తబడ్డాయి, బురద ప్రతి సందులోకీ వెళ్ళింది. ఇన్సూరెన్సు, ఫ్రిజ్, బీరువా, సోఫాల గొడవలో ఆ ఏడాది ఎవరూ దాని జోలికి పోలేదు.

ఈ పడవ ఎలా కడతారో తెలిస్తేనే రిపేరు అర్థమవుతుంది. ఉత్తర అమెరికాలో అక్కడి మూలవాసులు బర్చ్ చెట్టు బెరడుతో కట్టుకునే పడవలే దీనికి మూలం. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, అటు కెనడాలో బెరడు బదులు కాన్వాస్ గుడ్డ వాడి ఇలాంటివి అమ్మకానికి కట్టడం మొదలుపెట్టారు. ఒక చెక్క అచ్చు ఉంటుంది, దాని మీద ఇనప పట్టీలు ఉంటాయి. ఆవిరి పట్టిన రిబ్బుల్ని ఒక్కొక్కటే ఆ అచ్చు మీద వంచుతారు, వాటి మీద పొడుగ్గా పల్చటి పలకలు పరిచి చిన్న ఇత్తడి మేకులు కొడతారు. మేకు మొన రిబ్బులోంచి దూరి కింద ఇనప పట్టీకి తగిలి వెనక్కి మడుచుకుని మళ్ళీ చెక్కలోకే దిగుతుంది. అచ్చు నుంచి తీశాక పైన కాన్వాస్ బిగించి, దాని నేతలోని రంధ్రాలు మూసుకుపోయేలా ఫిల్లర్ పట్టించి రంగు వేస్తారు. రిబ్బు మందం సుమారు 8 మిల్లీమీటర్లు. పలక మందం 4. అంటే మొత్తం పడవ గోడ 12 మిల్లీమీటర్లే, మన ఇంటి తలుపు చెక్కలో సగం కూడా ఉండదు. పదహారు అడుగుల పడవలో అలాంటి రిబ్బులు నలభై పైచిలుకు ఉంటాయి, వాటి మధ్య ఖాళీ రెండు అంగుళాలు కూడా ఉండదు. బరువు ముప్ఫై, ముప్ఫై ఐదు కిలోల మధ్య. ఒక్క మనిషి భుజాన వేసుకుని నడవొచ్చు, కట్టిందే అలా మోసుకెళ్ళడానికి.

మన పడవలది వేరే దారి. సీతానగరం రేవులో చేపలవాళ్ళ నాటు పడవ చూడండి, ఒకప్పుడు కొమ్మమూరు కాలవ మీద ధాన్యం మోసిన పెద్ద పడవల సంగతి మా తాతయ్య తరం వాళ్ళని అడగండి. వాటిలో మందపాటి పలకలు, లోపల దూరదూరంగా గట్టి కర్రలు. ఆ వంపు కర్రల్ని వంచరు. నల్లతుమ్మ లాంటి చెట్టులో సహజంగా వంకర తిరిగిన కొమ్మ చూసుకుని, బాడిసతో చెక్కుతారు, నార వంపు వెంటే పోతుంది కాబట్టి అది రాయిలా ఉంటుంది. అందులో ఒకటి విరిగితే పక్కన ఇంకో గట్టి కర్ర జోడించినా ఏమీ కాదు, ఎందుకంటే ఆ పడవ వంగకుండా నిలబడేలా కట్టిన పడవ. కనూ అలా కాదు, వంగుతూ నిలబడేలా కట్టింది. అడుగున రాయి తగిలితే నాలుగైదు రిబ్బులు కలిసి కాస్త లోపలికి వంగి మళ్ళీ బయటికొస్తాయి. దెబ్బని పంచుకోవడమే దాని బలం.

మా షెడ్డులో పెద్ద మేస్త్రి నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు. పడవ దించగానే రిబ్బు మీద వేలేసి నొక్కి చూశాడు. "బాబూ, ఇంత పల్చగా ఉంటే మనిషి కూచుంటే ఆగుద్దా? పోయినవి పోయాయి, అరంగుళం టేకు వేద్దాం, ఇంక దాని జోలికి పోనక్కర్లేదు" అన్నాడు. ఆయన చెప్పింది ఆయన చేసిన పనిలోంచి వచ్చిన మాటే. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. చెక్క మందం రెట్టింపైతే వంగకుండా నిలబడే బిగువు ఎనిమిది రెట్లవుతుంది, అంటే మందం పెంచినప్పుడు బిగువు దాని ఘనంలో పెరుగుతుంది. పైగా టేకు, ఈ పడవలో వాడిన తెల్ల సీడార్ కంటే రెండింతలకి పైగా బిగువైన చెక్క, బరువు కూడా దాదాపు రెండింతలు. కాబట్టి 8 మిల్లీమీటర్ల సీడార్ ఎంత వంగుతుందో, సుమారు 6 మిల్లీమీటర్ల టేకు అంతే వంగుతుంది. ఆ పక్కన అరంగుళం టేకు పెడితే అది అసలు వంగదు. రాయి తగిలినప్పుడు పక్కవి వంగుతాయి, ఇది వంగదు, ఆ రెండింటి మధ్య పలక చీలుతుంది, లేదా దెబ్బంతా పక్క రిబ్బు మీద పడి అది పోతుంది.

ఇనుముది ఇంకా అన్యాయం. రిబ్బంత వెడల్పున్న 3 మిల్లీమీటర్ల ఫ్లాటు ఒక్కటి చాలు, సీడార్ రిబ్బు కంటే దాదాపు రెండింతలు బిగువుంటుంది. దాన్ని రిబ్బుకి బోల్టు చేస్తే అక్కడ పడవ గోడలో ఒక మొండి గట్టు లేచినట్టే. బోల్టు రంధ్రాలతో రిబ్బు ఇంకా బలహీనమవుతుంది, తడి చెక్కలో ఇనుము తుప్పు పట్టి చుట్టూ చెక్కని నల్లగా చేసి తినేస్తుంది, పక్కన ఇత్తడి మేకులుంటే తుప్పు ఇంకా తొందరగా వస్తుంది. మేస్త్రి లెక్క అంతా విని, "అయితే తక్కువ మందం పెడితేనే బలమంటావు" అన్నాడు. అవును, ఇక్కడ అంతే.

పని మొదలుపెట్టే ముందు కుళ్ళిన కాన్వాస్ మొత్తం ఒలిచేశాం, బయటి అంచు కర్రలు విప్పాం. బురద మామూలు నీళ్ళతో, మెత్తటి బ్రష్షుతోనే కడగాలి. కార్లు కడిగే ప్రెషర్ గన్ను పెడితే ఆ మెత్తటి సీడార్‌లో నార లేచిపోతుంది. కడిగాక నీడలో ఆరబెట్టాలి, విజయవాడ ఎండలో పెడితే పలకలు ముడుచుకుని మేకుల దగ్గర చీలతాయి. చెక్క లోపలి దాకా ఆరడానికి వారాలు పడుతుంది, ఆ టైములో తొందరపడి ఏదీ పీకొద్దు. ఆరాక చూస్తే బాగా లేవనుకున్న వాటిలో సగం బాగానే ఉంటాయి.

తరవాత ఏది తియ్యాలి, ఏది వదలాలి అనే నిర్ణయం. రిపేరులో అన్నిటికంటే విలువైన భాగం ఇదే అని నా అభిప్రాయం, చేతిపని దీని తరవాతే. గోనె సంచులు కుట్టే దబ్బనం ఒకటి తీసుకుని ప్రతి రిబ్బునీ రెండు కొనల దగ్గర మెల్లగా గుచ్చి చూడాలి. మంచి చెక్కలో మొన ఆగుతుంది, కుళ్ళిన చోట శ్రమ లేకుండా దిగిపోతుంది. మధ్యలో పగుళ్ళకి ఇంకో పరీక్ష: బయట వైపు పొడుగ్గా ఒక సన్నటి చెక్క బద్దని పడవ ఒంటి మీద ఆనించి వంచి చూడాలి. బద్ద అన్ని చోట్లా ఆనితే పడవ ఆకారం చెడలేదు. ఎక్కడైనా వెలుతురు కనబడితే అక్కడ గుంట పడింది, ఎక్కడైనా బద్ద ఎత్తి కొట్టుకుంటే అక్కడ గూని ఉంది. లోపలి వైపు వెంట్రుక లాంటి పగులు ఉండి, బయట ఆకారం చెడకపోతే ఆ రిబ్బుని ముట్టుకోవద్దు. పాత కనూల్లో అలాంటివి రెండు మూడు ఉండనే ఉంటాయి, పడవ వాటితోనే నడుస్తుంది. మా ఐదింటిలో మూడు సగం దాకా పగిలాయి కానీ ఆకారం నిలిచింది, రెండు పూర్తిగా తెగి లోపలికి కుంగాయి. తెగినవి రెండే మార్చాలి. మిగతా మూడింటికీ వెనక నుంచి అతుకు చాలు.

కొత్త రిబ్బుకి చెక్క దొరకడమే పెద్ద టెన్షన్. తెల్ల సీడార్ ఇక్కడ దొరకదు. టింబర్ డిపోలో అడిగితే టేకు, వేప, మద్ది చూపిస్తారు, ఇవన్నీ మంచి చెక్కలే, ఆవిరి పట్టి ఇంత వంపు వంచడానికి మాత్రం నేను వాటిని నమ్మను. పక్కనే కొండపల్లి ఉంది కదా అని ఒకరు తెల్లపొణికి సలహా ఇచ్చారు. బొమ్మలకి దానంత మంచి చెక్క లేదు, తేలిక, ఉలికి వెన్నలా తెగుతుంది, కానీ వంగి మళ్ళీ నిలబడే గుణం దానికి లేదు. నేను వాడింది మల్బరీ. మన ఊళ్ళల్లో కంబళి చెట్టంటారు. ఉత్తరాదిలో చెక్క హాకీ స్టిక్కులు ఎంతో కాలంగా దీంతోనే చేస్తున్నారు, ఆవిరి పట్టి ఆ కొక్కెం వంపు తెస్తారంటేనే తెలుస్తుంది ఎంత బాగా వంగుతుందో. తెనాలి వైపు మా బంధువుల పెరట్లో ఇల్లు కట్టడానికి ఒక పాత కంబళి చెట్టు కొట్టేస్తుంటే మొద్దు నేను తెచ్చుకున్నాను.

మొద్దుని కోత మిల్లుకి తీసుకెళ్ళలేదు. చీలమేకులు కొట్టి పొడుగ్గా చీల్చాం. మిల్లు రంపం తిన్నగా పోతుంది, చెట్టు నార తిన్నగా పోదు. రంపం నారని అడ్డంగా కోసిన చోట, రిబ్బు వంచినప్పుడు సరిగ్గా అక్కడే లేస్తుంది. చీలిస్తే చెక్క తన నార వెంటే విడిపోతుంది, వచ్చిన బద్ద కాస్త వంకరగా ఉన్నా సరే, చివరి నుంచి చివరి దాకా ఒకే నార ఉంటుంది. వంచేటప్పుడు విరిగే రిబ్బుల్లో ఎక్కువ భాగం ఇక్కడ అశ్రద్ధ చేసినవే. ఇంకో మాట, ఫర్నిచర్ వాళ్ళు మెచ్చుకునే బాగా ఎండిన చెక్క, ముఖ్యంగా బట్టీలో ఆరబెట్టింది, ఈ పనికి పనికిరాదు. పచ్చిదనం కొంత ఉన్నదే వంగుతుంది. పాత రిబ్బుని కొలతగా పెట్టుకుని, చిత్రిక పట్టి, కొనల వైపు వెడల్పు తగ్గించి, అంచులు గుండ్రం చేసి, అన్నీ ఆవిరికి ముందే పూర్తిచెయ్యాలి. మల్బరీ కూడా సీడార్ కంటే బిగువైన చెక్కే కాబట్టి మందం ఆరున్నర మిల్లీమీటర్ల దగ్గర ఆపాను. ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టాం.

ఆవిరి పెట్టెకి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. ప్లైవుడ్‌తో పొడుగు పెట్టె, ఒక వైపు తలుపు, లోపల రిబ్బు అడుగున ఆనకుండా నాలుగు అడ్డ పుల్లలు. గ్యాస్ స్టవ్ మీద మూతున్న నూనె డబ్బా, దాన్నుంచి పెట్టెకి వేడికి ఆగే గొట్టం. పెట్టెని కొంచెం వాలుగా పెట్టి కింది మూలలో రంధ్రం ఉంచాలి, నీరూ ఆవిరీ పోవడానికి. ఆ రంధ్రం ఎప్పటికీ మూయకండి. ఆవిరికి దారి లేకుండా చేస్తే డబ్బా పేలుతుంది, మనకి కావలసింది ఒత్తిడి కాదు, వేడీ తడీ మాత్రమే. చెక్కలో నారని అంటిపెట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం తడి వేడికి మెత్తబడుతుంది, అందుకే వంగుతుంది, చల్లారితే అక్కడే గట్టిపడుతుంది. అంగుళం మందానికి గంట అని లెక్క. మన రిబ్బుకి పావుగంట, ఇరవై నిమిషాలు. ఎక్కువసేపు ఉంచితే ఇంకా బాగా వంగుతుందనుకుంటారు, వంగదు, పెళుసవుతుంది.

పెట్టెలోంచి తీశాక చేతిలో ఉండే టైము క్షణాలే. ఇరవై సెకన్లు లెక్కేసుకోండి, ఆ తరవాత మొండికేస్తుంది. చేతికి మందపాటి గ్లోవ్స్, ఇద్దరు మనుషులు, క్లాంపులు ముందే తెరిచి పెట్టుకోవాలి. అచ్చు మన దగ్గర లేదు, ఫ్యాక్టరీలో ఉంటుంది అది. కాబట్టి పడవే అచ్చు. బోర్లించిన పడవ మీద బయటి నుంచే రిబ్బుని వంచుతాం. రిబ్బు చివరికి కూర్చోవలసింది లోపల, లోపలి వంపు బయటి కంటే చిన్నది, పైగా క్లాంపు తీశాక చెక్క కాస్త వెనక్కి విచ్చుకుంటుంది. అందుకని విరిగిన రిబ్బు ఉన్న చోటే వంచకూడదు, అక్కడి నుంచి ముక్కు వైపు ఒకటి రెండు రిబ్బులు జరిగి, పడవ సన్నబడే చోట వంచాలి. అప్పుడు వంపు అవసరమైన దానికంటే కొంచెం బిగుతుగా వస్తుంది. బిగుతు వంపుని లోపల పెట్టి విప్పడం తేలిక, విప్పారిన దాన్ని బిగించడం కుదరదు. మధ్యగీత నుంచి మొదలుపెట్టి రెండు వైపులా సమానంగా, ఆగకుండా, కుదుపు లేకుండా కిందికి దించాలి. చెక్క నలగడాన్ని బాగా ఓర్చుకుంటుంది కానీ సాగడాన్ని ఓర్చుకోదు, నూటికి ఒకటి రెండు వంతులు సాగితే బయటి వైపు నార లేస్తుంది. అందుకే ఒక పల్చటి రేకు పట్టీని రిబ్బు పైన వేసి దాంతో కలిపి వంచితే మంచిది, సాగే భారం కొంత రేకు తీసుకుంటుంది. మొదటి రిబ్బు దిగేటప్పుడు మేస్త్రి ఊపిరి బిగబట్టాడు. చప్పుడు రాలేదు. "కర్ర తాడులాగా వచ్చిందేంటి బాబూ" అన్నాడు. అప్పటి నుంచీ మందం మాట ఎత్తలేదు.

మల్బరీ దొరకని వాళ్ళకి ఇంకో దారి ఉంది, టేకుని 2 మిల్లీమీటర్ల పొరలుగా కోయించి, మూడు పొరలు ఎపాక్సీ అనే రెండు భాగాలు కలిపి వాడే జిగురుతో అతికించి వంపు మీద బిగించడం. ఆవిరితో పని లేదు, విచ్చుకోవడం కూడా తక్కువ. ఇష్టపడి చేసుకోవచ్చు.

పాత రిబ్బు తియ్యడం ఓపిక పని. లోపల మడుచుకున్న మేకు మొనల్ని సన్న ఉలితో లేపి, నిటారుగా చేసి, బయటికి తట్టి, తలకాయ లేచాక పట్టకారుతో లాగాలి. నేరుగా గుంజితే పలక చిరిగిపోతుంది. రెండు తెగిన రిబ్బులు పక్కపక్కనే ఉన్నా ఒకేసారి తియ్యకండి. ఒకటి తీసి, కొత్తది పెట్టి, మేకులు కొట్టాకే రెండోది. రెండూ ఖాళీ అయితే అక్కడ పలక తన ఇష్టమొచ్చినట్టు తేలిపోతుంది, ఆకారం మళ్ళీ రాదు.

మేకులు కొట్టడంలో మా ఆటోనగర్ పనికొచ్చింది. పాత మేకు రంధ్రాల పక్కన కొత్త చోట, బయట నుంచి ఇత్తడి మేకు కొడుతూ ఉంటే లోపల ఒకరు బరువైన ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి, మొన దానికి తగిలి వెనక్కి తిరిగి రిబ్బులోకి దిగుతుంది. మా పక్క షెడ్డులో కార్లకి టింకరింగ్ చేసే కుర్రాడు రేకు వెనక డాలీ, అంటే చేతిలో పట్టే ఇనప దిమ్మ, పెట్టి సుత్తితో కొట్టడం ఏళ్ళుగా చేస్తున్నాడు. గుండ్రటి డాలీ ఒకటి పట్టుకొచ్చి, లోపల ఎక్కడ మొన వస్తుందో బయట సుత్తి చప్పుడు విని పట్టేశాడు. ఆ చెయ్యి నాకు లేదు, మేస్త్రికీ లేదు. మేకు పొడుగు మొత్తం మందం కంటే ఐదారు మిల్లీమీటర్లు ఎక్కువుండాలి, మొన నార వెంట కాకుండా నారకి అడ్డంగా తిరగాలి, లేకపోతే చీలుతుంది. రిబ్బు మందం తగ్గించాం కాబట్టి మేకు కూడా ఆ మేరకి పొట్టిది చూసుకోవాలి.

కుళ్ళిన కొనల విషయానికొస్తే, అవి చాలానే ఉన్నాయి, కానీ అక్కడ వంపు తక్కువ కాబట్టి ఆవిరి అక్కర్లేదు. కుళ్ళు దాటి మంచి చెక్క వచ్చే దాకా వెనక్కి వెళ్ళి, ఏటవాలుగా కోసి, అదే వాలుతో కొత్త ముక్క అతికించడమే. వాలు పొడుగు మందానికి ఎనిమిది నుంచి పన్నెండు రెట్లు, అంటే 8 మిల్లీమీటర్ల రిబ్బుకి 65 నుంచి 95 మిల్లీమీటర్లు. తక్కువ వాలుతో అతికిస్తే అతుకు దగ్గరే విడిపోతుంది. ఇక్కడ నేను టేకు ముక్కలు వాడాను, మా షెడ్డులో మిగిలిన తుక్కులోవే. అంచు కర్ర కింద నీళ్ళు నిలిచే చోటు అది, టేకుకి కుళ్ళు అంత తొందరగా రాదు. టేకులో సహజంగా నూనె ఉంటుంది, అతికించే ముందు నిమిషంలో అసిటోన్‌తో తుడవాలి, ముందురోజు తుడిచి పెట్టుకుంటే నూనె మళ్ళీ పైకి వస్తుంది.

ఎపాక్సీ గురించి మన వాతావరణానికి సరిపడే మాట ఒకటి చెప్పాలి. డబ్బా మీద రాసే టైములు చల్లటి గదులకి. వేడి పది డిగ్రీలు పెరిగితే చేతిలో ఉండే టైము సుమారు సగమవుతుంది, రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో మధ్యాహ్నం కలిపితే గిన్నెలోనే పొగలొచ్చి గట్టిపడుతుంది. తెల్లారగట్ల కలపండి, కొంచెం కొంచెం కలపండి, లోతు గిన్నెలో కాకుండా వెడల్పాటి పళ్ళెంలో పరచండి.

సగం పగిలిన మూడు రిబ్బులకి అతుకు వెనక నుంచి వేశాం, అంటే బయట వైపు నుంచి. పగులు మీదున్న పలక ముక్క తీసి, రిబ్బు వెనక ముఖంలో సగం మందం మేర, పగులుకి రెండు వైపులా కొన్ని అంగుళాల దాకా లోతు తగ్గుతూ పోయేలా గాడి తీసి, అందులో పల్చటి బద్ద అతికించి, ఆరాక చిత్రికతో సమం చేసి పలక తిరిగి కొట్టాం. పడవలో కూచుని చూస్తే పాత చెక్కే కనబడుతుంది, పాత రంగే, పాత గీతలే. బాబాయి గారు ఆ మూడింటినీ వేలితో తడుముతూ ఎక్కడ చేశారని అడిగారు. చూపించాల్సొచ్చింది.

పైన ఫైబర్ వేసెయ్యమని చాలామంది చెప్పారు. నదిలో ఇప్పుడు ఫైబర్ పడవలు చాలా తిరుగుతున్నాయి, అవి మొదటి నుంచీ ఫైబర్‌తో చేసినవి, వాటి సంగతి వేరు. ఈ పల్చటి చెక్క మీద ఫైబర్ వేస్తే లోపలికి చేరిన తడి బయటికి పోదు, చెక్క తడికి ఉబ్బుతుంది, ఫైబర్ ఉబ్బదు, రెండూ విడిపోతాయి. అన్నిటికంటే, రేపు ఇంకో రిబ్బు విరిగితే ఫైబర్ కింద మేకు తల దొరకదు. కాన్వాస్ అయితే ఒలిచి మళ్ళీ వెయ్యొచ్చు. రిపేరు చేసేవాడు తన తరవాత రాబోయే రిపేరుకి దారి ఉంచాలని నేను గట్టిగా నమ్ముతాను.

కాన్వాస్ లారీ పట్టాలు కుట్టే వాళ్ళ దగ్గరే దొరికింది. కానీ మైనం పట్టించిన పట్టా గుడ్డ కాదు, దాని మీద ఫిల్లర్ అంటదు. చదరపు మీటరు 500 గ్రాముల దగ్గర ఉండే పచ్చి నూలు కాన్వాస్ కావాలని అడిగి తీసుకోవాలి. పడవ లోపలి వైపూ, గుడ్డ వెయ్యక ముందు పలకల బయటి వైపూ అవిసె నూనె టర్పెంటైన్ కలిపి పట్టించాం. ఫిల్లర్‌లో ఉండేది సిలికా పొడి, అవిసె నూనె, రంగు. పూర్వం తెల్ల సీసం వేసేవాళ్ళు, అది విషం, వద్దు. చేత్తో రుద్ది రుద్ది నేత కనబడనంత దాకా పట్టించాలి. తరవాత ఆరడానికి వారాలు పడుతుంది. పైన చెయ్యి పెడితే ఆరినట్టే ఉంటుంది, లోపల మెత్తగానే ఉంటుంది, అప్పుడు పెయింటు వేస్తే ముడతలు లేస్తాయి. ప్రస్తుతం మా పడవ ఆ దశలో ఉంది. బాబాయి గారు ముదురు ఆకుపచ్చ కావాలని పెయింటు కొని తెచ్చి షెడ్డులో పెట్టారు, వారానికి రెండు సార్లు వచ్చి గోటితో గీకి చూస్తున్నారు. ప్రకాశం బ్యారేజీకి ఎగువన నీళ్ళు నిండుగా, ప్రశాంతంగా ఉండే శీతాకాలానికి భవానీ ద్వీపం వైపు వెళ్దామంటున్నారు. వరద నీళ్ళు వదిలే రోజుల్లో మాత్రం ఎంత బాగా చేసిన పడవైనా కృష్ణలో దించొద్దని, లైఫ్ జాకెట్లు రెండూ ముందే కొనమని చెప్పాను. కొన్నారు.